సినిమాలకీ పరిష్కర్తలుంటారు

బహ్రామ్ బేజాయీ తీసిన ఇరానీ సినిమా 'రగ్‌బార్' (1972) చూస్తున్నంతసేపూ తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తూనే ఉంటాయి. రిమోట్ నొక్కి తీసేద్దామంటే పోవు. మనం మామూలుగా ఆన్, ఆఫ్ చేసుకునే సబ్‌టైటిల్స్ కావవి. బొమ్మలోనే కలిసిపోయాయి. ఈ సినిమాకి మిగిలిన ప్రతి అని తెలిసింది ఒకే ఒక్కటి, దర్శకుడి దగ్గరున్న ఒక 35 ఎంఎం ప్రింటు. దాని మీద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ముద్రపడి ఉన్నాయి. 2011లో ఇటలీలోని బొలోన్యాలో ఆ ప్రింటునే బాగుచేశారు. మార్టిన్ స్కోర్సేసీ మొదలుపెట్టిన వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ ఆ పని చేయించింది. 2020లో క్రైటీరియన్ సంస్థ ఆ ప్రాజెక్టు పేరుతోనే వేసిన మూడో బాక్స్‌సెట్‌లో ఈ సినిమాని చేర్చింది. అక్షరాలు అలాగే ఉన్నాయి.

కథ చిన్నదే. హెక్మతీ అనే టీచరు బండి మీద సామానేసుకుని దక్షిణ టెహ్రాన్‌లోని ఒక బస్తీకి వస్తాడు. తన దగ్గర చదివే కుర్రాడి అక్క ఆతెఫేని ఇష్టపడతాడు. అదే అమ్మాయిని కోరుకుంటున్న కసాయి ఒకడు ఆ వీధిలోనే ఉంటాడు. ఈ గొడవల మధ్యే టీచరు బడిలో పాడుబడిన హాలుని తన చేతులతో బాగుచేయడం మొదలుపెడతాడు. వీధి మొత్తం అతన్ని కాస్త నవ్వుతూ, కాస్త అనుమానంగా చూస్తుంటుంది. బేజాయీకి ఇది మొదటి పూర్తినిడివి సినిమా. నలుపు తెలుపుల్లో, ఎక్కడా గొంతు పెంచకుండా తీశాడు.

ఆ అక్షరాల్ని చెరపడం ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌కి పెద్ద కష్టమేం కాదు. వాటి వెనక ఏ బొమ్మ ఉండేదో ఊహించి నింపేస్తుంది. కానీ అలా నింపింది బేజాయీ తీసింది అవ్వదు కదా. అక్షరాల్ని ఉంచేయడంలో ఒక నిజాయితీ ఉంది. మాకు దొరికింది ఇది, ఇంతవరకే బాగుచేయగలిగాం, ఇంతకు మించి కల్పించం అని చెప్పడం అది. ఇలాంటి డిస్కుల మీద నా ఇష్టానికి అసలు కారణం ఇదే.

"ఓటీటీలో ఇన్ని సినిమాలుండగా ఇంకా డిస్కులేంటి?" అని ఆఫీసులో అడుగుతుంటారు. దానికి అందరూ ఇచ్చే జవాబు బొమ్మ నాణ్యత. బ్లూరేలో వీడియో సెకనుకి 40 మెగాబిట్ల దాకా వెళ్ళొచ్చు, స్ట్రీమింగ్‌లో అంత రాదు, చీకటి దృశ్యాల్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వగైరా. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి ఈ లెక్కలు నాకూ సరదాయే. కానీ నెట్ స్పీడు పెరిగే కొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది. తగ్గనిది ఇంకొకటుంది. దాని గురించి చెప్పాలంటే పుస్తకాల నుంచి మొదలుపెట్టాలి.

సి.పి. బ్రౌన్ వేమన పద్యాలు పోగుచేసినప్పుడు ఆయన చేతికి 'వేమన' అనే పుస్తకం రాలేదు. ఒకదానితో ఒకటి పొసగని రాతప్రతులు వచ్చాయి. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకోదాంట్లో ఉండదు. ఉన్నా మాట మారిపోయి ఉంటుంది. రాసుకున్నవాడి తప్పులు కొన్ని, ఎవరో కలిపినవి కొన్ని. పండితుల్ని పెట్టుకుని ప్రతి పక్కన ప్రతి పెట్టి పోల్చుకుంటూ వెళ్తే 1829లో అచ్చు పుస్తకం తేలింది. ఆ తర్వాత మానవల్లి రామకృష్ణకవి తంజావూరులో నన్నెచోడుడి 'కుమారసంభవం' ప్రతిని వెతికి పట్టుకుని 1909లో దాని మొదటి భాగం అచ్చువేశాడు. ఈ పనిని మనం పరిష్కరణ అంటాం. కవికి ఉన్నంత పేరు పరిష్కర్తకి ఉండదు. కానీ ఆయన లేకపోతే కవి మన దాకా రాడు.

సినిమా విషయంలో మనకి ఈ ఆలోచన ఉండదు. సినిమా అంటే ఒకటే, అది ఎక్కడో భద్రంగా ఉంటుంది, ఎవరైనా నొక్కితే వస్తుంది అనుకుంటాం. నిజానికి సినిమా కూడా రాతప్రతుల్లాగే బతుకుతుంది. కెమెరాలోంచి వచ్చిన ఒరిజినల్ నెగటివ్, దాన్నుంచి తీసిన నకలు నెగటివ్‌లు, ఊళ్ళు తిరిగి అరిగిపోయిన ప్రింట్లు. ఒక్కో తరం నకలుకి కొంత వివరం పోతుంది. ఒకచోట సెన్సారు కత్తిరిస్తే ఇంకోచోట పంపిణీదారు కత్తిరిస్తాడు. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి చూసి ఒక ప్రతి తేల్చేవాళ్ళు కావాలి. ఆ ప్రతిని పీఠికతో, వివరాలతో మన ఇంటిదాకా చేర్చేవాళ్ళూ కావాలి. ఈ రెండో పని చేసేవే చిన్న చిన్న డిస్కు లేబుళ్ళు. అమెరికాలో క్రైటీరియన్, బ్రిటన్‌లో సెకండ్ రన్, మాస్టర్స్ ఆఫ్ సినిమా, రేడియన్స్ లాంటివి. కొన్ని సందర్భాల్లో మొదటి పనిలోనూ వీళ్ళ చేయి ఉంటుంది.

క్రైటీరియన్ 1984లో లేజర్‌డిస్కులతో మొదలైంది. ఆ ఏడాదే వేసిన 'కింగ్ కాంగ్' లేజర్‌డిస్కులో రొనాల్డ్ హేవర్ సినిమా నడుస్తుండగా పక్కన కూర్చుని చెబుతున్నట్టు దాని తయారీ గురించి మాట్లాడాడు. ఆడియో కామెంటరీ అనేది అక్కడే పుట్టింది. ఇంగ్లీషులో కొత్తగా కనిపించిన ఈ పద్ధతి మనకి పాతదే. మూలం కింద టీక, తాత్పర్యం వేయడం మన అచ్చు పుస్తకాలకి అలవాటే. వెడల్పాటి సినిమాని టీవీకి సరిపోయేలా అటూ ఇటూ కోయకుండా పైనా కిందా నల్ల పట్టీలతో అసలు కొలతలోనే చూపించడాన్ని అలవాటు చేసినవాళ్ళలోనూ వీళ్ళు ముందున్నారు. తెర నిండలేదని విసుక్కునే జనానికి, సినిమా ఆకారమే ఇది అని ఓపిగ్గా నేర్పారు.

పరిష్కరణ అన్న మాట ఇక్కడ అతికిందా లేదా తేల్చుకోవడానికి సత్యజిత్ రాయ్ 'అపు' త్రయం చాలు. 1993లో లండన్‌లోని ఒక ల్యాబులో మంటలు రేగినప్పుడు ఆ మూడు సినిమాల నెగటివ్‌లూ అక్కడే ఉన్నాయి. కాలగా మిగిలినవాటిని పారేయకుండా అమెరికాలోని అకాడమీ ఫిల్మ్ ఆర్కైవ్ దాచింది. రెండు దశాబ్దాల తర్వాత క్రైటీరియన్ వాటిని బయటికి తీయించి బొలోన్యాలోని లిమ్మాజినె రిత్రోవాతా ల్యాబుకి పంపింది. పెళుసుబారిన ఫిల్ముకి మళ్ళీ తేమ పట్టించారు. కరిగి అంటుకున్న టేపు తీశారు. అంచుల్లో చిరిగిపోయిన రంధ్రాల్ని చేత్తో అతికారు. ఇంత చేస్తే 'పథేర్ పాంచాలి' నెగటివ్‌లో సుమారు 40 శాతం, 'అపరాజితో'లో 60 శాతం పైన స్కాన్ చేయడానికి పనికొచ్చాయి. 'అపుర్ సంసార్'లో మిగిలిన ముక్కలు అసలు వాడే స్థితిలో లేవు. ఖాళీల్ని హార్వర్డ్ ఆర్కైవ్‌లో, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఇంకా ఇతర చోట్ల దాచిన నకలు ప్రతులతో పూరించారు. 2015లో బ్లూరే వచ్చింది. ఒక ప్రతిలో పోయిన పద్యాన్ని ఇంకో ప్రతి నుంచి తెచ్చి పూరించడమే ఇది. ఏ ముక్క ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పారు. మంచి పరిష్కర్త కింద సూచికలు ఇస్తాడు కదా, అలా.

పోయిందనుకున్నది దొరకడానికి మొహమ్మద్ రెజా అస్లానీ తీసిన ఇరానీ సినిమా 'షత్రంజె బాద్' చూడండి. పేరుకి అర్థం గాలి చదరంగం. 1976లో టెహ్రాన్ ఉత్సవంలో చూపించారు. 1979 విప్లవం తర్వాత నిషేధించారు. ఆ తర్వాత అది లేనట్టే అనుకున్నారు. 2014లో అస్లానీ కొడుక్కి టెహ్రాన్‌లో పాత సామాన్ల దుకాణంలో దాని నెగటివ్ రీళ్ళు కనిపించాయి. వాటిని పారిస్ చేర్చి, దర్శకుడి సాయంతోనే 2020కల్లా పునరుద్ధరించారు. వరల్డ్ సినిమా ప్రాజెక్ట్ నాలుగో బాక్స్‌సెట్ (2022)లో ఉంది.

దొరికిన కథ అంత బాగుందని సినిమా కూడా బాగుండాలని రూలేం లేదు. ఇది మాత్రం బాగుంది. ఒక పాత భవంతి, చక్రాల కుర్చీలో వారసురాలు, ఆస్తి మీద కన్నేసిన సవతి తండ్రి, అందరి రహస్యాలూ తెలిసిన పనిమనిషి. గదులన్నీ దీపాల వెలుతురులోనే ఉంటాయి. మధ్యమధ్యలో పెరట్లో నీళ్ళ దగ్గర బట్టలుతికే ఆడవాళ్ళు ఆ ఇంటి గుట్టంతా మాట్లాడుకుంటారు. లోపల హత్య జరుగుతుంటే బయట చాకిరేవులో తీర్పు జరుగుతుంటుంది. ఆ ముచ్చట్లు లేకపోతే ఇది ఒక మంచి క్రైమ్ కథగా మిగిలేది. వాటితో ఒక వర్గం కూలిపోతుంటే ఇంకో వర్గం చూస్తున్న కథ అయింది. ఆ దీపాల వెలుతురు, ఆ గోధుమ, ఎరుపు రంగుల తేడాలు సరిగా కనిపించకపోతే సగం సినిమా పోయినట్టే. రంగులు వెలిసిన దొంగ వీడియో కాపీలో 'కథ తెలుసుకోవచ్చు'. సినిమా చూడలేం.

ఇక పీఠిక సంగతి. సెకండ్ రన్ 2005 నుంచి లండన్‌లో పనిచేస్తున్న చిన్న లేబుల్. తూర్పు యూరప్ సినిమాలంటే వాళ్ళకి ప్రాణం. వాళ్ళు వేసిన చెక్ సినిమా 'ఉఖో' (1970) నాకు చాలా ఇష్టం. ఆ మాటకి అర్థం చెవి. దర్శకుడు కారెల్ కఖిన్యా. ఒక ఉపమంత్రి, అతని భార్య రాత్రి ప్రభుత్వ విందు నుంచి ఇంటికొస్తారు. తాళాలు కనపడవు, గేటు తీసి ఉంది, వాళ్ళింట్లో మాత్రమే కరెంటు లేదు, ఫోను పనిచేయదు. తన పైమంత్రిని తొలగించారన్న కబురు విందులోనే తెలిసింది. కొవ్వొత్తి పట్టుకుని కాగితాలు కాలుస్తూ, ఏ గదిలో 'చెవి' ఉందో ఏ గదిలో లేదో లెక్కలేసుకుంటూ మొగుడూ పెళ్ళాం తెల్లవార్లూ పోట్లాడుకుంటారు. అది వాళ్ళ పెళ్ళిరోజు కూడా. అతనికి గుర్తులేదు.

మొదటిసారి చూస్తే ఇది ఒక దాంపత్య కలహం. భయం ఆ కలహానికి కారణమైనట్టు ఉంటుంది. తర్వాత దీన్ని రాసిన యాన్ ప్రొఖాజ్కా గురించి తెలుస్తుంది. అతను తన స్నేహితుడితో ఇంట్లో మాట్లాడుకున్న మాటల్ని ప్రభుత్వ నిఘావాళ్ళు రహస్యంగా రికార్డు చేశారు. 1970లో వాటిని దేశమంతటికీ టీవీలో వినిపించారు. మరుసటి ఏడాదే, 42 ఏళ్ళ వయసులో, అతను చనిపోయాడు. సినిమాని విడుదల చేయకుండా తొక్కిపెట్టారు. 1990లో కాన్ ఉత్సవంలో పోటీకి వెళ్ళింది. ఇది తెలిశాక రెండోసారి చూస్తే ఆ దంపతులు పోట్లాడుకోగలగడమే పెద్ద విషయంగా కనిపిస్తుంది. చెవి వింటుందని తెలిసీ ఆమె నోరు మూసుకోదు. బాత్రూములో, వంటింట్లో, తాగిన మైకంలో నిజాలు మాట్లాడేస్తుంది. ముగింపు చెప్పను. జైలు కంటే భయంకరమైన శిక్ష ఒకటుందని మాత్రం అక్కడ అర్థమవుతుంది.

పీఠిక చేయగలిగింది ఇదీ. కానీ పీఠికకి ఒక ప్రమాదం కూడా ఉంది. ఈ లేబుళ్ళ పుస్తకాల్లో 'నిషేధించారు', 'పోయింది', 'దొరికింది' అన్న కథలు ఎంత రుచిగా ఉంటాయంటే కొన్నాళ్ళకి ఆ కథ కోసమే డిస్కులు కొంటాం. 'ఉఖో' గొప్పది అయింది నిషేధించినందుకు కాదు. భార్యగా వేసిన యిర్జినా బొహ్దలోవా మత్తుకీ తెలివికీ మధ్య గీత ఎక్కడుందో మనకి చివరిదాకా తెలియనివ్వదు, అందుకు. నిషేధానికి గురైన నీరసమైన సినిమాలు కూడా లోకంలో బోలెడన్ని ఉన్నాయి. దొరికిన ప్రతి తాళపత్రం కావ్యం కానట్టే.

ఇంకో ఫిర్యాదు ఉంది, ఇది కొనేవాళ్ళ మీదా అమ్మేవాళ్ళ మీదా కలిపి. క్రైటీరియన్ డిస్కుల వీపు మీద నంబర్లుంటాయి. 'గ్రాండ్ ఇల్యూజన్'కి 1, 'సెవెన్ సమురాయ్'కి 2, అలా. నంబరు చూడగానే మధ్యలో ఖాళీ కనిపిస్తుంది. ఖాళీ కనిపించగానే నింపాలనిపిస్తుంది. పైగా చాలా లేబుళ్ళు గట్టి అట్టపెట్టెలో 'పరిమిత ప్రతులు' అని వేస్తున్నాయి. చిన్న సంస్థ, ముందు డబ్బొస్తే తప్ప తర్వాతి సినిమా వేయలేదు, అర్థం చేసుకోగలను. కానీ కొరతలోంచి బయటపడేసిన సినిమాకి మళ్ళీ కొరత తయారుచేయడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పెట్టెలు ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండానే రెట్టింపు రేటుకి చేతులు మారతాయి. చూడని సినిమా అరలో ఉన్నా ఒకటే, ఆ టెహ్రాన్ దుకాణంలో ఉన్నా ఒకటే.

మనవైపు నుంచి చూస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. బ్లూరే లోకాన్ని మూడు ముక్కలు చేశారు. అమెరికా ఎ, బ్రిటన్ బి, మనం సి. ఎ అని తాళం వేసిన డిస్కు మన ప్లేయర్లో ఆడదు. క్రైటీరియన్ ఒక్క డిస్కు జాబితా ధర 39.95 డాలర్లు. షిప్పింగు, కస్టమ్స్ కలిపితే ఆ లెక్క ఇంకెక్కడికో పోతుంది. అందుకే డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే అన్నయ్యల సూట్‌కేసులే మా దిగుమతి మార్గం. పచ్చళ్ళు అటు, డిస్కులు ఇటు. ఇందులో తమాషా ఏంటంటే, 'షత్రంజె బాద్' ఉన్న ఆ నాలుగో బాక్స్‌సెట్‌లోనే ఉదయ్ శంకర్ 'కల్పన' (1948) కూడా ఉంది. అది మద్రాసు జెమినీ స్టూడియోలో తీసిన సినిమా. మన తెలుగు సినిమా పెరిగిన ఊరు అది. పునరుద్ధరణకి ఆధారమైన సరుకు దాచింది మన పుణె నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్. మద్రాసులో తీసి, పుణెలో దాచిన సినిమా ఆ డిస్కుని హైదరాబాదులో చూడాలంటే అమెరికా తాళం తీసే ప్లేయరుండాలి! ఆ పెట్టెలో మన దేశం కామెరూన్, అంగోలా, అర్జెంటీనాల పక్కన 'విదేశీ సినిమా'గా కూర్చుని ఉంటుంది. ఎవరికి విదేశీ అన్నది పెట్టె కట్టినవాడు తేలుస్తాడు.

వాళ్ళని తిట్టి లాభం లేదు. వాళ్ళు వాళ్ళకి దొరికినవీ, నచ్చినవీ ఎంచుకున్నారు. సంపాదకుడన్నాక అదే చేస్తాడు. ప్రశ్న మన వైపు తిరగాలి. మన పరిష్కర్తలేరి?

1931లో హెచ్.ఎం. రెడ్డి తీసిన 'కాళిదాస్'లో తమిళంతో పాటు తెలుగు కూడా మాట్లాడారు. తెర మీద తెలుగు మాట వినపడ్డ ఆ సినిమా ప్రింటు ఇప్పుడు ఎక్కడా లేదు. అది పాత నష్టం, ఇక చేయగలిగింది లేదు. ఉన్నవాటి సంగతేంటి? 2010లో 'మాయాబజార్' (1957)కి రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌లోకి మార్చి హాళ్ళలో వేశారు. జనం సంతోషంగా చూశారు, పిల్లల్ని తీసుకెళ్ళి మరీ చూపించారు. అది మంచిదే. కానీ అది పరిష్కరణ కాదు. పాత పద్యాన్ని ఇప్పటి వాళ్ళకి అర్థమయ్యేలా తిరగరాయడం లాంటిది. మార్కస్ బార్ట్‌లీ ఆ సినిమాలో వెన్నెలని నలుపు తెలుపుల కోసం పుట్టించాడు. దానికి నీలిరంగు పూస్తే అది ఇంకో వెన్నెల. తిరగరాత పక్కన మూలం కూడా అంతే శ్రద్ధగా ఉంటే ఏ గొడవా లేదు. ఏ నెగటివ్ వాడారు, ఏ రీలు ఎక్కడి నుంచి తెచ్చారు, ఏది బాగుచేయలేకపోయారు అని చెప్పే నలుపు తెలుపు 'మాయాబజార్' నా అరలోకి మాత్రం రాలేదు.

అలాంటి ప్రతికి ఎంత సరుకుందో ఆలోచించండి. ఆ సినిమాని తెలుగు, తమిళాల్లో ఒకేసారి తీశారు. తెలుగులో అభిమన్యుడు నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. రెండూ పక్కపక్కన పెట్టి ఒకే సన్నివేశం ఏ భాషలో ఎక్కడ సాగింది, ఎక్కడ కుదించుకుంది అని చూస్తే అంతకు మించిన పాఠాంతరాల పట్టిక ఏముంటుంది? కొన్ని పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు కట్టి వెళ్ళిపోతే మిగతా పని ఘంటసాల పూర్తిచేశాడు. ఏది ఎవరిదో విడమరిచి చెబుతూ ఒక గంట కామెంటరీ చాలు. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977)కి, గౌతమ్ ఘోష్ 'మాభూమి'కి పీఠికలు రాయగలవాళ్ళు మన సాహిత్య పత్రికల్లోనే ఉన్నారు. మూల కథలు, వాటి రాజకీయం, తీసిన ఊళ్ళు, అన్నీ రాయదగ్గవే.

డిస్కు శాశ్వతమని నేను అనడం లేదు. ప్లాస్టిక్ పళ్ళెం అది, పాడవుతుంది. అసలు భద్రత ఆర్కైవ్‌లో, చల్లటి గదిలో, నెగటివ్ డబ్బాల్లో ఉంటుంది. పుణె ఆర్కైవ్‌ని నిలబెట్టిన పి.కె. నాయర్ జీవితం మీద శివేంద్ర సింగ్ డుంగార్పూర్ 'సెల్యులాయిడ్ మ్యాన్' (2012) తీశాడు. దాన్ని డిస్కుగా వేసింది కూడా ఆ లండన్ సెకండ్ రన్ వాళ్ళే. అందులో నాయర్ ఏ రీలు ఎక్కడ దొరికిందో పేరుపేరునా చెబుతుంటే బ్రౌన్ ప్రతులు పోగుచేయడమే గుర్తొస్తుంది. ఆర్కైవ్ దాచిపెడుతుంది. లేబుల్ దాన్ని పదిమంది చేతుల్లో పెడుతుంది. పది ఇళ్ళల్లో ఉన్నది ఒక్క మంటకి పోదు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బ్యాకప్, అంతే.

కాబట్టి డిస్కులు పోగేసేవాళ్ళకి నాదొక్కటే మాట. కవరు విప్పండి, చూడండి, పుస్తకం చదవండి, ఇంకొకరికి ఇవ్వండి. చూసినదాని గురించి తెలుగులో రాయండి, దొరికిన కథ గురించి ఒక పేరా, సినిమా గురించి పది పేరాలు. ఇరాన్ సినిమాకో చెక్ సినిమాకో ఏ ప్రతి వాడారు, ఏం పోయింది అని అడగడం మనకి అలవాటైతే, ఆ ప్రశ్న రేపు మన సినిమాల దగ్గర కూడా నోట్లోంచి వస్తుంది. యూట్యూబ్‌లో మూలల్లో లోగోలతో, పైనా కిందా తెగిపోయిన తెలుగు సినిమా కనిపించినప్పుడు 'ఏదో ఒకటి, చూడ్డానికి దొరికింది కదా' అని సరిపెట్టుకోవడం అప్పుడు కాస్త కష్టమవుతుంది. పరిష్కర్తలు పుట్టేది అలా సరిపెట్టుకోలేని పాఠకుల్లోంచే.